తొమ్మిదో వరస

కిరండూల్, రైల్వే క్వార్టర్స్
6 జనవరి 2025

చెల్లి శాంతికి,

కొత్త సంవత్సరం కేకు నీకూ ఒక ముక్క పంపుదామనుకున్నాను. కిష్టారం చేరేసరికి అది రాయి అవుతుందని మీ బావ ఆపారు. ఇక్కడ అంతా క్షేమం. నా చెవులు నిరుడు ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి, అంటే లేవు. మొన్న చర్చిలో పాస్టరు గారు అందర్నీ కూర్చోమంటే నేనొక్కదాన్నే నిలబడి ఉన్నానట. ఫోన్లో నీ గొంతు వినే యోగం నాకు లేదు. నీకేమో గుట్ట ఎక్కితే తప్ప టవర్ అందదు. మనిద్దరికీ ఈ కాగితాలే గతి.

అసలు సంగతి చెప్తాను. నా బ్లాగు మూసేస్తున్నారు. సైటు వాళ్ళు ఇంగ్లీషులో నోటీసు పంపారు. మీ బావ రెండుసార్లు చదివి, నా కోసం కొన్న పలక మీద తెలుగులో రాసి చూపించారు. ఈ నెల ఒకటో తారీఖు నుంచి ఆ పేజీలు బయటివాళ్ళెవరికీ కనిపించవు. మార్చి 31 దాకా సొంతదారు మాత్రం లోపలికి వెళ్ళి తన సామాను మూట కట్టుకుని తెచ్చుకోవచ్చు. ఆ తర్వాత అంతా చెరిపేస్తారు. మీ బావ రిటైరయ్యేది కూడా ఆ రోజే. రెండు చోట్ల నుంచీ నన్ను ఒకేసారి ఖాళీ చేయమంటున్నారు.

లోపలికి వెళ్ళడమే తంటాగా ఉంది. పాత కంప్యూటర్ ఉన్నన్నాళ్ళూ అది ఏమీ అడిగేది కాదు. దసరాలో పిడుగుపాటుకి అది కాలిపోయింది కదా. కొత్త ఫోన్లోంచి వెళ్ళబోతే, మీ నంబరుకి ఆరంకెల ఓటీపీ పంపాం, అది కొట్టండి అంటోంది. ఏ నంబరుకి? 2011లో ఆ ఖాతా తెరిచి ఇచ్చింది నువ్వు. అప్పుడు మన ఇంట్లో సెల్‌ఫోను ఉన్నది నీ ఒక్కదానికే. చివర 47 అని చూపిస్తోంది, అది నీ నంబరే. ఓటీపీ పది నిమిషాలే పనిచేస్తుందట. నువ్వు చూసి వెంటనే నాకు మెసేజి పెట్టాలి. ఎప్పుడు వీలవుతుందో రాయి.

పద్నాలుగేళ్ళు శాంతీ, బ్లాగులో రెండు వందల పన్నెండు టపాలు. చెవులు పోతున్న ఏడాది మొదలుపెట్టాను. నలుగురిలో కూర్చుంటే నవ్వే మొహాలు కనపడేవి, ఎందుకు నవ్వుతున్నారో తెలిసేది కాదు. పక్క క్వార్టర్‌లో ఉండే పంజాబీ ఆవిడ నేర్పిన ఊలు అల్లిక ఒక్కటే చెవులతో పని లేనిది. ఆవిడ మాటలే బ్లాగుకి పేరు పెట్టాను, ‘సీధా ఉల్టా’ అని. దారం వెనక పెట్టి అల్లితే సీధా, ముందు పెట్టి అల్లితే ఉల్టా. విద్యంతా ఇంతే. బస్తర్‌లో స్వెటర్లు ఎవడేసుకుంటాడని మీ బావ ఎగతాళి చేశారు. డిసెంబరులో అనంతగిరి సొరంగాల మీదుగా ఇనపరాయి బండి నడిపినప్పుడు నేనల్లిన మఫ్లరు చుట్టుకున్నాక మళ్ళీ నోరెత్తలేదు.

ఎంతమంది చదివారని అడగకు. ఏ టపాకీ నలభై దాటలేదు, అందులో సగం అచ్చుతప్పులు దిద్దడానికి నేను తెరిచినవే. ఆ కొత్తవలస సుగుణ గారు లేకపోతే ఎప్పుడో మానేసేదాన్ని. నువ్వు మాత్రం ఒక్కసారి కూడా తెరవలేదు. “నాకు సూదంటే ఇంజక్షన్ సూదే అప్పా” అని తప్పించుకున్నావు. కనీసం ఈ నంబరైనా చూసిపెట్టు.

నీ అప్ప,
దేవుడమ్మ

*

కిష్టారం
19 జనవరి

అప్పకి శాంతి వందనాలు.

నీ ఉత్తరం పదకొండు రోజులకి చేరింది. మా ఆరోగ్య కేంద్రం వెనక మిరప వేసే రామనర్సయ్య మరైగూడ వెళ్ళి, వస్తూ తెచ్చాడు. కవరు నిండా మిరప ఘాటు, విప్పగానే తుమ్మాను. “మీ అక్క మస్తు రాస్తది సిస్టరమ్మా, ఏంది గంత ముచ్చట?” అన్నాడు. చెవులు వినపడనివాళ్ళకి చేతులు ఎక్కువ ఆడతాయని చెప్పాను. కోప్పడకు.

బ్లాగు సంగతి విని బాధేసింది. అయినా డిజైన్లన్నీ నీకు నోటికొచ్చినవే కదా. ఒక నోటు పుస్తకం కొనుక్కుని మళ్ళీ రాసుకోకూడదా? అందులో టోపీలే ముప్పై అయిదు, ఒకటీ రెండూ తేడాతో అన్నీ ఒకటే. రిటైరయ్యాక బావకి పలక మీద రాయడం తప్ప వేరే పనుండదు, ఆయన చేత రాయించు.

నంబరు సంగతి చూస్తాను. వానలప్పటి నుంచి టవర్ సరిగా లేదు. గుట్ట మీద కూడా ఒక్కోసారి గీత కనిపించి మాయమవుతోంది. కంగారు పడకు, మార్చి దాకా సమయం ఉంది కదా.

ఇక్కడ నాకు లక్మే దిగులు పట్టుకుంది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, తొలి కాన్పు, ఏడో నెల. ఒంట్లో రక్తం ఏడే ఉంది. ఇచ్చిన మాత్రలు కడుపులో తిప్పుతున్నాయని చూరులో దాచింది. వాళ్ళత్త బుధ్రి వాటిని తీసి నా చేతిలో పోసింది. బావ నడిపే బండ్ల నిండా ఇనుమే, ఈ పిల్ల ఒంట్లో మాత్రం లేదు. వారానికోసారి వెళ్ళి నా ఎదురుగా మింగిస్తున్నాను. అంతకు మించి ఏం చేయాలో తోచడం లేదు.

బావని అడిగానని చెప్పు.
శాంతి

*

కిరండూల్
2 ఫిబ్రవరి, ఆదివారం

శాంతికి,

నోటు పుస్తకం కొనుక్కోమన్నావు. చదివి ఆ ఉత్తరం పొయ్యిలో పెట్టేద్దామనుకున్నాను. మీ బావ లాక్కుని దాచారు. “అదక్కడ పిల్లల్ని బతికిస్తంది, నీ బొంత గోల దానికేటి తెలుస్తాదే” అని పలక మీద రాశారు. నాది బొంత గోలే. అలాగే అనుకోండి మీ ఇద్దరూ.

విను. నాకు డిజైన్ల మీద బెంగ లేదు, అవి వేళ్ళకే గుర్తున్నాయి. నాకు కావలసింది సుగుణ గారి మాటలు. ప్రతి టపా కింద ఆవిడ రాసేవారు. బాగుంది, చాలా బాగుంది అని ఊరుకునే మనిషి కాదు. ఎనభై ఏడో టపాలో, చంటిపిల్లల టోపీకి, బేసి వరసలన్నీ సీధా అనాల్సింది తొమ్మిదో వరస ఉల్టా అని కొట్టేశాను. ఆవిడ అలాగే అల్లి, “తొమ్మిదో వరసలో చిన్న గట్టులా వచ్చిందండీ. మీరు కావాలని పెట్టారనుకున్నాను, అందంగా ఉంది” అని రాశారు. సిగ్గుతో ఆ సాయంత్రమే దిద్దేశాను. అప్పటికి ఆ టపా మూడుసార్లే తెరుచుకుందని అంకె చూపించింది. అందులో రెండుసార్లు నేనే.

కలుద్దామంటే వాళ్ళాయన ఒప్పుకోడని రాశారు. అడ్రసు కూడా ఇవ్వనివ్వలేదట. ఆ మనిషి మనసు మారాలని ఎనిమిదేళ్ళుగా ప్రతి ఆదివారం ప్రార్థన చేస్తున్నాను. 2022 వానాకాలం తర్వాత ఆవిడ నుంచి ఒక్క మాట లేదు. ఉన్నారో లేదో తెలీదు. భయంగా ఉంది.

రిటైరయ్యాక మేం ఉండబోయేది కొత్తవలసలోనే. మీ బావ అక్కడ రెండు గదుల వాటా మాట్లాడారు. ఈ లైను మొదలయ్యే ఊరు కదా, ఇన్నేళ్ళూ బండి తోలిన చోటికే చేరుతున్నారు. నేను సుగుణ గారిని వెతుకుతాను. తమ వీధి చివర రైలు గేటు ఉందనీ, పక్కనే ఏదో బడి ఉందనీ ఒకసారి రాశారు. ఆ బడి పేరు గుర్తు రావడం లేదు. లోపలికి వెళ్తే దొరుకుతుంది. ఆవిడకి ఇవ్వడానికి ఒక శాలువా అల్లి ఉంచాను. నాలుగేళ్ళయింది.

ఫిబ్రవరి 16, ఆదివారం, పదకొండు గంటలకి గుట్ట ఎక్కు. సరిగ్గా ఆ సమయానికి నేనిక్కడ నొక్కుతాను. ఓటీపీ రాగానే పంపు. ఆ రోజు చర్చికి కూడా వెళ్ళను.

దేవుడమ్మ

*

కిష్టారం
20 ఫిబ్రవరి

అప్పా,

నీ ఉత్తరం 18న చేరింది. పదహారున నువ్వు ఫోను పట్టుకుని ఎంతసేపు కూర్చున్నావో తలుచుకుంటే ఏడుపొస్తోంది. ఒకవేళ ముందే చేరినా లాభం ఉండేది కాదప్పా. చివర 47 ఉన్న నంబరు నా దగ్గర లేదు. 2022 వానాకాలంలో టీకాల డ్యూటీకి వెళ్తూ వాగు దాటుతుంటే నా సంచి కొట్టుకుపోయింది. ఫోను అందులోనే ఉంది. ఆ కంపెనీ సిగ్నల్ ఇటు అందదని వేరే సిమ్ తీసుకున్నాను. నీకు కొత్త నంబరు ఇచ్చాను గానీ పాతది పోయిందని చెప్పలేదు. మొదటి ఉత్తరానికే చెప్పాల్సింది, చెప్పలేకపోయాను.

నిన్న సెలవు పెట్టి కుంట వెళ్ళాను. దుకాణం అబ్బాయి చూసి, ఆ నంబరు ఇంకొకరికి ఇచ్చేశారన్నాడు. అక్కడి నుంచే ఫోను చేశాను. బిలాస్‌పూర్‌లో ఎవరో మనిషి. నా కథంతా హిందీలో చెప్పాను, మీకు ఆరంకెలు వస్తాయి, అవి నాకు చెప్పండి చాలు అన్నాను. “మేడమ్, నేనంత పిచ్చోణ్ణి కాదు” అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే పోలీసులకి చెప్తానన్నాడు. అతన్ని ఏమని తిట్టను? ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని మా కేంద్రం గోడ మీద నేనే కాగితం అంటించాను.

కుంట నుంచే నీకు మెసేజి పెట్టగలిగేదాన్నే. మూడుసార్లు కొట్టి చెరిపేశాను. ఇలాంటిది కాగితం మీదైతేనే రాయగలను.

ఇంకో మాట. కొత్తవలస ఇప్పుడు పెద్ద ఊరు. ఇంటిపేరు తెలియని మనిషిని ఎక్కడని వెతుకుతావు? వాళ్ళు ఇల్లు మారి ఉండొచ్చు. మోకాళ్ళ నొప్పులతో వీధివీధీ తిరగకప్పా, నా మాట విను.

లక్మేకి నెలలు నిండకముందే నొప్పులు వచ్చేట్టున్నాయి. ఇవాళే సుక్మా పంపుతున్నాను. అక్కడి నుంచి దంతెవాడ పంపితే ఒకసారి వెళ్ళి చూడు. బుధ్రికి అక్కడ ఎవరూ తెలీదు.

శాంతి

*

కిరండూల్
9 మార్చి

శాంతిప్రియకి,

ఆ బిలాస్‌పూర్ మనిషికి మీ బావ కూడా ఫోను చేశారు. మా ఆవిడ రాసుకున్నవన్నీ లోపల చిక్కుకుపోయాయి బాబూ అని బతిమాలారట. “మొన్న ఒకావిడ, ఇవాళ మీరు. మీ ముఠాలో మొత్తం ఎంతమంది?” అని అడిగి, నంబరు బ్లాక్ చేశాడట. ముప్పై ఎనిమిదేళ్ళ సర్వీసులో మీ బావ మీద ఒక్క మచ్చ లేదు. నా అల్లికల పుణ్యమా అని రిటైర్మెంటుకి ముందు దొంగ అనిపించుకున్నారు. సైటు వాళ్ళకి నాలుగు మెయిళ్ళు పెట్టాను. మీ నంబరుకి ఓటీపీ పంపాం అని నాలుగుసార్లూ ఒకటే జవాబు.

లక్మేని దంతెవాడ పంపారని నీ మెసేజి ఆరున అందింది. నిన్న క్యారియర్ కట్టుకుని వెళ్ళాను. ఆడపిల్ల. కిలో మూడు వందలు. తల్లి లేచి కూర్చుంటోంది. బుధ్రి మాట నాకు వినపడదు, వినపడినా అర్థం కాదు. నా మాట ఆవిడకి తెలీదు. అందుకని ఇద్దరికీ బాగా కుదిరింది. అన్నం, పప్పుచారు తింది. గాజు తలుపు దగ్గరికి నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి పాపని చూపించింది.

పాప తల మీద పసుపు రంగు టోపీ ఉంది. నర్సుని బతిమాలి దగ్గరగా చూశాను. అంచు నుంచి తొమ్మిదో వరసలో గట్టు ఉంది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టాను. తొమ్మిదే.

ఎవరు అల్లారని సైగ చేశాను. బుధ్రి తన జబ్బ మీద వేలితో ఇంజక్షన్ పొడిచి చూపించింది. తర్వాత రెండు చూపుడు వేళ్ళూ అల్లుతున్నట్టు ఆడించింది. తన ఊరి పిల్లలందరి తలలూ గాల్లో తట్టి చూపించింది, ఇంత ఒకడు, ఇంత ఒకతె అని.

బస్సులో తిరిగి వస్తూ నీ మొదటి ఉత్తరం తలుచుకున్నాను. అందులో టోపీలు ముప్పై అయిదని రాశావు. అవి ముప్పై అయిదేనని నాకు కూడా లెక్కపెడితే గానీ తెలీదు.

నాకు రాయవలసింది ఏమైనా ఉంటే రాయి.

దేవుడమ్మ

*

కిష్టారం
21 మార్చి

అప్పా,

ఉంది. రాస్తున్నాను.

నీ మొదటి టపాకి నాలుగు రోజులు ఎవరూ ఏమీ రాయలేదు. నేను జగదల్‌పూర్ హాస్టల్‌కి వెళ్ళబోతూ ఇంట్లోనే ఉన్నాను. వంట మధ్యలో లేచి వెళ్ళి తెరిచి చూసి, మళ్ళీ వచ్చి కూర కలిపేదానివి. ఆ నాలుగు రోజుల్లో నీ మొహం చూడలేకపోయాను. నా పేరుతో రాస్తే, నువ్వు కాక ఇంకెవరు రాస్తారులే అంటావు. అందుకని హాస్టల్‌కి వెళ్ళగానే సుగుణ అని పెట్టి రాశాను. ఊరు ఏం పెట్టాలో తోచలేదు. మన ఇంటి ముందు పట్టాలు ఎంతదాకా పోతాయో ఆ ఊరి పేరు పెట్టాను. ఆ ఒక్కసారికే అనుకున్నాను. నువ్వు ఆవిడకి ఎంత పెద్ద జవాబు రాశావో గుర్తుందా? ఆ తర్వాత ఆపడం నా వల్ల కాలేదు.

నువ్వు అడ్రసు అడిగావు, మొగుణ్ణి పుట్టించాను. రైలు గేటు, బడి కూడా అలాంటివే. ఆవిడ నిజంగా అల్లకపోతే పట్టుబడిపోతానని అల్లిక నేర్చుకున్నాను. ఇక్కడికి వచ్చాక ఆదివారాలు గుట్ట ఎక్కి, నీ టపా పుస్తకంలోకి ఎక్కించుకుని, వారమంతా అల్లి, మళ్ళీ ఆదివారం ఎలా వచ్చిందో రాసేదాన్ని. ఇక్కడ తక్కువ బరువు పిల్లలకి టోపీ ఎంత అవసరమో నీకు తెలీదు. నాకు ఆ టోపీ ఒక్కటే పూర్తిగా నోటికొచ్చు, అది కూడా తప్పుతోనే. ఆ రోజు వాగులో ఫోనుతో పాటు పుస్తకం పోయింది. సుగుణ లోపలికి వెళ్ళే దారి కూడా ఆ నంబరు మీదే ఉండేది. కొత్త పేరుతో మళ్ళీ రావడానికి మనసొప్పలేదు.

నోటు పుస్తకంలో రాసుకోమన్నది నీ మీద తేలికతో కాదు. నువ్వు లోపలికి వెళ్తే ఆ బడి పేరు పట్టుకుని కొత్తవలసలో తిరుగుతావని భయం. నంబరు పోయిందని చెప్పాలన్నా భయమే. ఏది చెప్పినా నీ దగ్గరున్నది ఏదో ఒకటి నేనే లాక్కున్నట్టవుతుంది. నన్ను తిట్టు అప్పా. ఊరుకోకు.

లక్మే వాళ్ళు ఆసుపత్రిలో చెప్పకుండా వచ్చేశారు. ఇప్పపూలు రాలే కాలం, ఏరుకోకపోతే ఏడాదంతా ఇబ్బంది. తిరిగి వెళ్ళమని రెండుసార్లు అడిగాను, బుధ్రి తల అడ్డంగా ఊపింది. రోజూ వెళ్ళి తూకం వేస్తున్నాను. నిన్న కిలో నాలుగు వందల యాభై.

శాంతి

*

కిరండూల్
3 ఏప్రిల్ 2025

కొత్తవలస సుగుణ గారికి,
కేరాఫ్ శాంతిప్రియ, ఆరోగ్య కేంద్రం, కిష్టారం

నమస్కారం. మీ ఉత్తరం నిన్న అందింది. 31న మీ బావ గారికి, క్షమించాలి, మా వారికి దండలు వేసి పంపించారు. ఒకటో తారీఖు పొద్దున బ్లాగు తెరిచాను. ఇదివరకు ఓటీపీ అయినా అడిగేది. ఇప్పుడు ఇలాంటి పేజీ ఏదీ లేదు అంటోంది. చేయగలిగింది ఏమీ కనపడలేదు.

మీ మీద కోపం వచ్చింది. పెళ్ళే కాని మనిషి మొగుడి కోసం నా చేత ఎనిమిదేళ్ళు ప్రార్థన చేయించారు. నా చెల్లెలు నా రాత ఒక్క వరస కూడా చదవదని మీతోనే ఎన్నిసార్లు చెప్పుకున్నానో. అదెంత రాతిగుండె మనిషో అని కూడా రాశాను. మీరు ఒక్కసారి కూడా నాకు వంత పాడలేదు. “ఆవిడకి పని ఎక్కువేమోనండీ” అనేవారు. అప్పుడే అనుమానం రావలసింది.

ఏడ్చాను కూడా. ఎందుకో చెప్తే నవ్వకండి. లోకంలో బయటి మనిషి ఒకరు, నా ముక్కూ మొహం తెలీకుండా, కేవలం నా రాత చూసి నన్ను ఇష్టపడ్డారని పద్నాలుగేళ్ళు అనుకున్నాను. అలాంటి మనిషి లేరని ఇప్పుడు తెలిసింది. శాంతి ఉందిగా అని మా వారు పలక మీద రాశారు. ఉంది. అది చాలునో, చాలదో నాకే తెలీడం లేదు. మీరు పోయారని మాత్రం బెంగగా ఉంది. దాన్ని ఎవరికి చెప్పుకోవాలో తెలీక మీకే రాస్తున్నాను.

మే నెలలో కొత్తవలస వెళ్తున్నాం. ఇక వెతికే పని లేదు. శాలువా ఈ పార్సిల్‌లో పెట్టాను. కిష్టారంలో ఎండలు ముదిరాక చేరుతుంది, ఏం చేసుకుంటారో మీ ఇష్టం. పసుపు ఊలు ఆరు ఉండలు కూడా ఉన్నాయి, టోపీలకి. తొమ్మిదో వరస సీధా అని మీకు తెలుసు. అయినా దిద్దుకోకండి.

మీరు రాస్తూ ఉండండి. శాంతిని కూడా ఒక ముక్క రాయమనండి. దాని మీద కోపం ఇంకా పూర్తిగా పోలేదు, అది రాస్తే చదువుతాను.

మీ
దేవుడమ్మ

తా.క. పాప ఎంత తూగిందో ప్రతి ఉత్తరంలోనూ రాయండి. టోపీ బిగుతైపోయిందని మీరు రాసే రోజు కోసం చూస్తుంటాను.